అన్నీ కలిపి బాడుగ

"అన్నీ కలిపి" అనే మాట మొదట ఎవడు పలికాడో గానీ, వాడికి నంద్యాల నడిబజారులో విగ్రహం కట్టించాలి! పూలదండ ఖర్చు నేను పెట్టుకుంటాను. విగ్రహం ఖర్చు మీరంతా కలిసి చూసుకోండి.

నవ్వకండి. నేను తమాషాకు చెప్పడం లేదు. ఆ మాట విలువ బాడుగ ఇల్లు వెతికిన మనిషికే తెలుస్తుంది. ఓనరు ఒక లెక్క చెబుతాడు. పర్వాలేదే, అందుబాటులోనే ఉందే అని మీరు ఊపిరి పీల్చుకునే లోపల "కరెంటు వేరే" అంటాడు. పీల్చిన ఊపిరి వదిలే లోపల "నీళ్లు వేరే" అంటాడు. మోటారుకు వేరే, మెట్లు కడిగేదానికి వేరే, చెత్త బండికి వేరే, స్కూటరు నిలబెట్టుకుంటే వేరే. చుట్టాలొస్తే? వాళ్లు మరీ వేరే! చివరికి ఆ ఇంట్లో వేరే కానిది మీరూ మీ ఆవిడా మాత్రమే. అదైనా మొదటి కరెంటు బిల్లు వచ్చేదాకానే.

అట్లాంటి లోకంలో ఒక పుణ్యాత్ముడు "అన్నీ కలిపి" అన్నాడనుకోండి. చెవుల్లో తేనె పోసినట్టు ఉండదూ? ఫ్యాను ఎవరు ఆపలేదని మొగుడూ పెళ్లాలు కొట్టుకోనక్కర్లేదు. మీటరు ఎదురుగా నిలబడి, ఇది ఎందుకింత ఉత్సాహంగా తిరుగుతోందని దిగులు పడనక్కర్లేదు. దేశంలో సగం కాపురాలు కూలేది కరెంటు బిల్లు వల్లనేనని నా పరిశోధనలో తేలింది. పరిశోధన ఎక్కడ చేశానని అడక్కండి. మా ఇంట్లోనే చేశాను.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఏసమ్మ సంగతి వినండి.

ఏసమ్మది అవుకు దగ్గర పల్లె. ఆళ్లగడ్డలో ఒక ట్రస్టు వాళ్ల హాస్టల్లో ముప్ఫై ఏళ్లకు పైగా వంట చేసింది. ట్రస్టు పేరు ఎందుకు లెండి, మంచిపనులు చేసేవాళ్లు పేరు కోరుకోరు. సంగటి గెలికే చెయ్యి, శెనక్కాయల పచ్చడి, అదే ఊరుబిండి, నూరే చెయ్యి, ఆ రెంటికంటే పెద్ద నోరు. ఆమె కేకేస్తే పాలు పొంగడం ఆపేసి కిందికి దిగిపోయేవని హాస్టలు పిల్లలు చెప్పుకునేవాళ్లు.

అన్నేళ్లూ ఆమె పడుకున్నది స్టోరు రూములో, బియ్యం మూటల పక్కన. ఆ గదికి గడియ బయటివైపే ఉండేది. న్యాయమే గదా! బియ్యం మూటలు లోపల్నుంచి గడియ వేసుకోవు. కాబట్టి ఎవరు తోసినా తలుపు తెరుచుకునేది. జ్వరమొచ్చిన పిల్లోడు గంజికి తోసేవాడు. వార్డెను టీకి తోసేవాడు. మీటింగులకు వచ్చిన పెద్దలు వేణ్ణీళ్లకు తోసేవాళ్లు. ఏసమ్మ తిట్టుకుంటూ లేచేది, తిట్టుకుంటూనే అందరికీ అన్నీ చేసిపెట్టేది.

మోకాళ్లు అరిగి పని మానుకున్నప్పుడు ఆమె దేవుణ్ణి అడిగింది ఒక్కటే. లోపల్నుంచి గడియ వేసుకునే గది. అది కూడా ఆళ్లగడ్డలో వద్దు, నంద్యాలలో కావాలి. ఎందుకంటే ఆళ్లగడ్డలో ఉంటే ఎవరో ఒకరు "అక్కా, రవ్వంత టీ" అని వస్తారు. టీ కోసం బస్సెక్కి నంద్యాల దాకా ఎవరూ రారు.

తిండికి గవర్నమెంటు పింఛను వస్తుంది. ఇంటికి ట్రస్టు నెలనెలా బాడుగ సాయం ఇస్తుంది, పాత పనివాళ్లకు వాళ్లు పెట్టిన ఏర్పాటు అది. ఆ సాయం ఆగితే గది పోతుంది. గది పోతే గడియ పోతుంది. ఏసమ్మ అర్థశాస్త్రం అంతే.

నంద్యాల పాత బజారులో మహానందయ్య శెట్టికి నూనెలు, పప్పుల అంగడి ఉంది. అంగడి వెనక ఒక గది. శెట్టి కందిపప్పు తూచినా కొసరు వేయకుండా పొట్లం కట్టడు. కొసరు లేని బేరం శుభం కాదని వాళ్ల నాయన చెప్పిపోయాడు. గది చూపించేటప్పుడు కూడా అదే పద్ధతి.

"బాడుగలోనే కరెంటు, నీళ్లు, అన్నీ కలిపే ఏసమ్మా. మళ్లీ వేరే అడిగేది ల్యా" అన్నాడు.

ఏసమ్మ ఆ మాట సగమే వింది. లోపలికి పోయి తలుపు మూసింది. పైన ఒక గడియ, కింద ఒక గడియ. రెండు గడియలు! వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

"ఇల్లు బాగుండాది శెట్టీ. ఇంక పో" అంది లోపల్నుంచే.

శెట్టి భార్య యశోదమ్మ ఇంకా ధర్మాత్మురాలు. ఏసమ్మకు టీవీ లేదని సీరియల్ వేళకు సౌండు పెంచేది, గోడకు ఇవతల కూడా వినబడేట్టు. ఆ సీరియల్లో అత్త మొహం ఎట్లుంటుందో ఏసమ్మకు ఇప్పటికీ తెలియదు. అయినా గొంతు విని తిట్టేది.

ఇట్లా ఎవరి మానాన వాళ్లు సుఖంగా ఉంటే లోకం బాగుపడేదెట్లా? ట్రస్టుకు కొత్త సెక్రటరీ వచ్చాడు.

ఆయన పేరు ఫిలిప్. ఆ హాస్టల్లోనే చదివాడు, ఏసమ్మ సంగటి తిని అంత ఎత్తు పెరిగాడు. తర్వాత హైదరాబాదుకు పోయి మేనేజ్‌మెంట్ చదివాడు. సంగటి వల్ల ఒళ్లు వస్తే, మేనేజ్‌మెంట్ వల్ల రూల్సు వచ్చాయి. ఒకరోజు ఏసమ్మకు ఫోను చేశాడు.

"అమ్మా, బాగుండావా? నీ బాడుగలో కరెంటు కలిసుందా?"

"అన్నీ కలిసే ఉండాయి నాయనా. శెట్టి మంచోడు."

"అదేనమ్మా సమస్య" అన్నాడు ఫిలిప్.

చూశారా! ఓనరు మంచోడు కావడం కూడా సమస్యేనని మనలాంటివాళ్లకు తడుతుందా? దానికి చదువుండాలి. ఫిలిప్ చెప్పింది ఇది. దాతలు డబ్బిచ్చింది బాడుగకు. బాడుగలో కరెంటు కలిసిపోతే దాతల డబ్బు కరెంటుకు పోయినట్టు. కరెంటుకు ఇమ్మని దాతలు చెప్పలేదు. కాబట్టి ఇల్లు ఎంత, మిగతావి ఎంత, ఓనరు చేత విడదీసి రాయించుకుని రావాలి. రాకపోతే సాయం ఆగుతుంది.

ఎంత న్యాయం! నేనే దాతననుకోండి. నేనిచ్చిన రూపాయి ఏసమ్మ తల మీద కప్పుగా నిలబడాలి గానీ, ఆ కప్పుకు వేలాడే ఫ్యాను కిందికి పోతే నా ఆత్మ శాంతిస్తుందా? ఆమెకు చల్లగాలి తగిలినప్పుడల్లా నాకు చెమట పట్టదూ?

ఏసమ్మ అంగట్లోకి పోయి సంగతి చెప్పింది. మహానందయ్య మొహం మాడిపోయింది.

"బాడుగ అనే మాట కాగితం మీద రాసేది ల్యా ఏసమ్మా. మున్సిపాలిటీవోళ్ల కండ్లబడిందంటే ఇంటిపన్ను యాడికి పోతాదో నీకు తెల్దు."

"మరి ఏమని రాస్తావప్పా?"

"అన్నీ ఖర్చులే అని రాస్తా. నీకేం నష్టం? మొత్తం అంతే వస్తాది గదా! నీకు మేలు చేసేకే రాస్తాండా."

అని కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టాడు. కరెంటుకు ఇంత, నీళ్లకు ఇంత, మోటారు అరుగుదలకు ఇంత. ఇంకా చాలా మిగిలిపోయింది. శెట్టి పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. నూనె డబ్బాల కోసం పెట్టిన సీసీ కెమెరాలో ఏసమ్మ తలుపు ఒక మూల కనబడుతుంది. కాబట్టి కాపలాకు ఇంత! యశోదమ్మ సీరియల్ సౌండుకు 'వినోదం' అని పేరు పెట్టి ఇంత! అంగట్లో వైఫై ఉంది, అది గోడ దాటి పోతుంది, కాబట్టి దానికీ ఇంత!

"నాది బటన్ల ఫోను గదప్పా" అంది ఏసమ్మ.

"గాలి నీ గది దాకా వచ్చి నిలబడితాది. నువ్వు వాడుకోకపోతే నా తప్పా?"

అన్నీ కూడితే మొత్తం సరిగ్గా వచ్చింది. వ్యాపారస్తుడి కూడిక ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. బాడుగ అన్నచోట మాత్రం ఖాళీ ఉండిపోయింది. ఖాళీ వదిలితే అశుభమని అక్కడ ఒక గుండ్రని సున్నా పెట్టాడు. పెట్టి, ఏ కొత్త లెక్కకైనా చేసినట్టే, కాగితం నాలుగు మూలలా పసుపు రాశాడు.

మర్నాడు ఏసమ్మ ఆళ్లగడ్డ బస్సెక్కింది. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితం గదా, కండక్టరు ఆధారు చూసి సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఒక చేతిలో సున్నా టికెట్టు, ఇంకో చేతిలో సున్నా బాడుగ. ఆ సున్నా ఎంత మంచిదో ఈ సున్నా కూడా అంత మంచిదే అనుకుంది పిచ్చితల్లి. శిరివెళ్ల దాటేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ హాయిగా కూర్చుంది.

ఫిలిప్ కాగితం చదివాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"స్తోత్రం అమ్మా! నీకు బాడుగే లేదు!"

"లేకేమి నాయనా? నెలనెలా ఇస్తాండా గదా."

"ఇస్తాండేది ఖర్చులకమ్మా. బాడుగ సున్నా అని ఓనరే రాసినాడు. బాడుగ లేనోళ్లకు బాడుగ సాయం ఎట్లిచ్చేది?"

నేను ఫిలిప్‌ను తప్పుపట్టను. ఆకలి లేనివాడికి అన్నం పెడతామా? జుట్టు లేనివాడికి దువ్వెన కొనిపెడతామా?

ఏసమ్మ ఏదో అనబోయింది. ఫిలిప్ కుర్చీ దగ్గరికి జరుపుకుని మెత్తగా చెప్పాడు.

"ఎందుకమ్మా నీకీ బాధలన్నీ? హాస్టలు పక్కన మన వృద్ధుల హోమ్ ఉండాది. వచ్చేయ్. ఆడ నీకు బాడుగ లేదు, కరెంటు లేదు, నీళ్ల బాధ లేదు. అన్నీ కలిపే!"

ఆ హోమ్ ఆమె చూడనిది కాదు. పొడుగాటి హాలు, వరసగా మంచాలు. ముసలివాళ్లు లోపల పడిపోతే తీయడం కష్టమని తలుపులకు లోపలి గడియలన్నీ పీకించారు. జాగ్రత్త అంటే అట్లుండాలి!

తిరుగు బస్సులో ఏసమ్మ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు రాకుండా. పాలను దించే గొంతు గదా, బస్సు ఆగిపోతుందని భయపడిందేమో. ఈ వయసులో ఆమె అడిగింది బంగారం కాదు, మేడ కాదు, ఒక ఇనప గడియ. అది కూడా ఎక్కువైపోయింది.

అయితే ఏడుపు శిరివెళ్ల దాకానే. అక్కణ్నుంచి నంద్యాల దాకా కోపం.

తెల్లారి అంగడి తీసి శెట్టి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. బేరానికి ఒకరిద్దరు వచ్చి నిలబడ్డారు. ఏసమ్మ వచ్చి తూకం రాళ్ల పక్కన ఆ పసుపు కాగితం పరిచి, దాని మీద ఒక బల్బు పెట్టింది.

"ఏందీ ఇది?" అన్నాడు శెట్టి.

"నీ బల్బు. నాకు కరెంటు వొద్దు. వొద్దంటే దానికి దుడ్లు ఇచ్చే పని లేదు గదా?"

"లేదు గానీ..."

"నీళ్లు వీధి కొళాయిలో పట్టుకుంటా. నీ వినోదం నాకొద్దు, చెవుల్లో దూది పెట్టుకుంటా. నీ కెమెరాకు గుడ్డ కట్టినా. ఆ గాలో ఏదో చెప్పినావే, కిటికీ మూసినా, రాదు. ఇంక మిగిలింది బాడుగ. అది సున్నా అని నీ చేత్తో నువ్వే రాసినావు. రాసి పసుపు కూడా పెడితివి. నేను ఈ గదిలోనే ఉంటా శెట్టీ. నెలనెలా ఆ సున్నా తప్పకుండా ఇస్తా."

శెట్టి చేతిలో అగరొత్తి వేలి దాకా కాలింది. బేరానికి వచ్చిన ఒకాయన, "శెట్టీ, ఆ లెక్కన నాకూ ఒక గది చూడప్పా" అన్నాడు.

లోపల్నుంచి యశోదమ్మ పకపకా నవ్వుతూ వచ్చింది. "సరిగ్గానే అంటాంది గదా! పసుపు పెట్టిన రాత. తప్పితే లక్ష్మి నిలబడితాదా?"

ఇదీ చిక్కు. మామూలు కాగితమైతే చించి పారేసేవాడు. పసుపు పెట్టిన కాగితం శెట్టి చించలేడు. వాళ్ల నాయన చించలేదు, తాత చించలేదు. చివరికి దాన్ని దేవుడి పటం వెనక దోపి, ఇంకో కాగితం తీశాడు.

"మొత్తం బాడుగే. కరెంటు, నీళ్లు కొసరు" అని రాశాడు. ఈసారి ఎందుకైనా మంచిదని పసుపు పెట్టలేదు. "మున్సిపాలిటీవోళ్లొస్తే నా ఖర్మ. ఆ బల్బు పెట్టుకో తల్లీ, పొద్దున్నే నలుగురి ముందర పరువు తీయొద్దు."

ఏసమ్మ బల్బు తీసుకుంది, కాగితం తీసుకుంది, మళ్లీ సున్నా టికెట్టు తీసుకుంది, ఆళ్లగడ్డలో దిగింది. ఇంక అయిపోయిందనుకుంది.

అంత తేలిగ్గా అయిపోతే దాన్ని ఆఫీసు అంటారా?

ఫిలిప్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "కొసరు అని రాసినాడే అమ్మా."

"అవును. కరెంటు ఊరికే ఇస్తాండాడు."

"ఊరికే వచ్చేది కూడా ఆదాయమేనమ్మా. అది నీ సాయంలోంచి తీసెయ్యాల."

"సరే, తీసెయ్యి."

"ఎంత తీసెయ్యాల్నో తెలియాలంటే, ఓనరు విడదీసి రాయాల."

అర్థమైందా మీకు? విడదీస్తే బాడుగ సున్నా. కలిపితే విడదీయాలి. గానుగెద్దును చూసి జాలిపడతాం గానీ, దానికి కనీసం నూనె వస్తుంది!

ఏసమ్మ కుర్చీలో కూలబడింది. ఫిలిప్‌కు ఆమెను చూస్తే నిజంగానే జాలేసింది. అబద్ధం చెప్పకూడదు, మనిషి చెడ్డవాడు కాదు. "లే అమ్మా, ఒకసారి హోమ్ చూడు. చూసినాక నువ్వే ఉంటానంటావ్" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

హాలు చూపించాడు. కొత్త పరుపులు, కొత్త ఫ్యాన్లు, మంచినీళ్ల ఫిల్టరు. మంచాల మీద ముసలివాళ్లు బయటి హోటలు నుంచి వచ్చిన క్యారియరు ముందర పెట్టుకుని, సాంబారులో ముక్క కోసం వెతుకుతున్నారు. ఆ తర్వాత ఫిలిప్ వంటగది చూపించాడు. ఆ ఇంట్లో అన్నిటికంటే మంచి గది అదే. నల్లరాతి గట్టు, పెద్ద గ్రైండరు, పెద్ద పెద్ద డేగిసాలు. పొయ్యి మాత్రం చల్లగా ఉంది.

"ఈడ వంట ఎవురు చేస్తాండారు?" అంది ఏసమ్మ.

"ఉన్నామె పోయిందమ్మా. మూడు నెలల్నుంచి హోటలు క్యారియరే. ఎవరూ దొరకడం లేదు."

ఏసమ్మ చల్లటి పొయ్యి వైపు చూసింది, ఆ తర్వాత ఫిలిప్ వైపు చూసింది.

"అదిగాదమ్మా" అన్నాడు ఫిలిప్, "నువ్వు ఊరికే కూర్చునే మనిషివి కాదు. నీకే పొద్దుపోదు. ఉన్నది పదిమంది ముసలోళ్లు. హాస్టలు పిల్లలకు కూడా రవ్వంత. నీ చేతి ఊరుబిండి తిని ఎన్నేండ్లయిందో తెలుసా?" ఆ మాట అంటుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నటన కాదు. ఊరుబిండి అట్లాంటిది.

"జీతం?"

"జీతమెందుకమ్మా? అన్నీ కలిపే గదా! నువ్వు మా ఇంటిమనిషివి."

ఏసమ్మ గ్రైండరు పక్కన గట్టు మీద ఎక్కి కూర్చుంది. మోకాళ్లు పట్టుకుని, నిదానంగా. అన్నేళ్ల వంటలో ఆమె ఎప్పుడూ వంటగట్టు మీద కూర్చోలేదు.

"ఫిలిప్పూ, దాతలు దేనికిచ్చినారు? మంచానికా, వంటకా?"

"మంచానికమ్మా."

"అయితే రెండూ కలపగూడదు గదా. నువ్వే చెప్పినావు. విడదీసి రాయి నాయనా. మంచం ఎంత, ఫ్యాను ఎంత, నీళ్లు ఎంత, నా చెయ్యి ఎంత. నువ్వు రాసేదాకా నేను ఈడ్నే కూచుంటా."

ఫిలిప్ నవ్వాడు. ఏసమ్మ నవ్వలేదు. దాంతో ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. పెద్దామె ముచ్చట తీర్చినట్టు ఉంటుందని. మంచం రాశాడు. ఫ్యాను రాశాడు. వంట దగ్గరికి వచ్చి, హోటలువాడు క్యారియర్లకు ఎంత తీసుకుంటున్నాడో గుర్తు చేసుకుని, అక్కడ ఆగాడు. ఏ వైపు నుంచి చూసినా ఏసమ్మ ట్రస్టుకు ఇచ్చేది ఏమీ తేలడం లేదు. ట్రస్టే ఏసమ్మకు ఇవ్వాల్సి వస్తోంది, అది కూడా ఆమె బాడుగ సాయం కంటే చాలా ఎక్కువ.

పెన్ను కాగితం మీదే ఉంది. ఆయన గొంతు తగ్గింది.

"అమ్మా, హాస్టల్లో ఉన్నప్పుడు నీకు జీతం ఎంత ఇచ్చేవాళ్లు?"

"వక్కాకుకు ఇచ్చేవాళ్లు నాయనా. తిండి, పడక ఉండె గదా. అన్నీ కలిపే."

ఫిలిప్ పెన్నుకు మూత పెట్టాడు. గంజికి స్టోరు రూము తలుపు తోసిన పిల్లల్లో ఆయనా ఒకడు. ఆయనకు అది గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. తలొంచుకుని ఆ కాగితాన్ని మడిచాడు, మడిచి మళ్లీ మడిచాడు, ఇంక మడతకు లొంగనంత చిన్నది చేసి జేబులో వేసుకున్నాడు.

ఆ వారమే ట్రస్టు కమిటీ కూర్చుంది. ఫిలిప్ ఆ చిన్న మడతను బల్ల మీద పెట్టి, "ఇది విప్పి చదవమంటారా, ఏసమ్మ సాయం కొనసాగించమంటారా?" అని అడిగాడట. లోపల ఏముందో చూచాయగా విన్న పెద్దలకు ఒక్కసారిగా దగ్గులొచ్చాయి. ఒక ఏసమ్మకు విడదీస్తే, ఊడ్చే ఆమెకు, బట్టలుతికే ఆమెకు, గేటు దగ్గర ముసలాయనకు, అందరికీ విడదీయాలి గదా! ఏకగ్రీవంగా సాయం మంజూరైంది. బాడుగ కింద ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు కాబట్టి 'పాత వంటపాత్రల నిర్వహణ' కింద ఇస్తున్నారు. ఏసమ్మకు అభ్యంతరం లేదు. ఏ పేరుతో వచ్చినా గడియ గడియే.

మున్సిపాలిటీవాళ్లు ఇంతవరకూ రాలేదు. వస్తే పటం వెనక పసుపు కాగితం తీసి చూపిస్తానని శెట్టి ధీమాగా ఉన్నాడు.

కాబట్టి పాఠకులారా, "అన్నీ కలిపి" అనే మాట గొప్పదనం మీకు బోధపడే ఉంటుంది. ఒక శెట్టిని దాతను చేసింది. ఒక ట్రస్టుకు ముప్ఫై ఏళ్లు వంట చేసిపెట్టింది. అంత గొప్ప మాట గురించి ఏసమ్మ నోటితోనే నాలుగు ముక్కలు రాబట్టి ఈ వ్యాసం ముగిద్దామని మొన్న నంద్యాల పాత బజారుకు వెళ్లాను. వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. అది కేవలం యాదృచ్ఛికం! గది లోపల్నుంచి వేయించిన శెనక్కాయల వాసన, రోట్లో నూరుతున్న చప్పుడు వస్తున్నాయి. తలుపు తోశాను. కదల్లేదు. తట్టాను.

"ఎవురూ?"

"పేపర్లో రాసేవాణ్ణమ్మా. నీతో రెండు మాటలు మాట్లాడాలని వచ్చా."

రోలు చప్పుడు ఆగింది.

"మాటలకొచ్చినోడివి అన్నం యాళకొచ్చినావేందీ?"

శెట్టి కెమెరాలో ఈ తలుపు కనబడుతుందని తెలుసు గానీ, అందులో నా మొహం ఏసమ్మకు కూడా కనబడుతోందేమోనని అనుమానం వచ్చింది.

"మాటలా, ఊరుబిండా, ఏదో ఒకటి చెప్పప్పా. రెండూ కలపొద్దు."

నేను నిజాయితీపరుణ్ణి. "ఊరుబిండే అమ్మా" అన్నాను.

"అట్లయితే ఎదురుగా హోటలుండాది, పో నాయనా" అంది ఏసమ్మ. ఒక గడియ ముందే వేసుంది. ఇప్పుడు రెండోది కూడా పడింది.

ఎదురుగా హోటలు ఉన్న మాట నిజమే. వెళ్లి కూర్చున్నాను. గోడ మీద భోజనం ధర రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో "పెరుగు వేరే" అని ఉంది. ఎందుకో ఆ పూట నాకు ఆ మాట మీద కోపం రాలేదు. పెరుగు తోడుపెట్టిన మనిషికి దాని డబ్బు విడిగా అందుతుందేమో అనుకుని ఒక కప్పు తెమ్మన్నాను.